తలారి కర్ర నుంచి సీసీ కెమెరా దాకా: కాపలా, కబురు, ఖర్చు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఏదైనా ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల గూర్చి, యుద్ధాల గూర్చి వ్రాయగల పండితులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పైఆరేళ్ళు గుమాస్తా పని చేసినవాణ్ణి. అందులో మొదటి ఆరేళ్ళు తాలూకా ఆఫీసులో డిస్పాచ్ సీటు. కనుక నాకు తెలిసిన చరిత్ర కబుర్ల చరిత్ర, వాటికి అయ్యే ఖర్చుల చరిత్ర.

ఈమధ్య నెలవారీ సమావేశాలలో డి.ఎ. బకాయిల ముచ్చట అయిపోగానే వినవస్తున్న మాట మరొకటి ఉంది. "ఇంటికి కెమెరాలు పెట్టించామండీ. పిల్లలు దూరాన ఉన్నారు, పెట్టించమన్నారు. తీరా చూస్తే నెట్ రీఛార్జి పొద్దెక్కకముందే అయిపోతున్నది." ఈ ఫిర్యాదు చేయని ఇల్లు మా కాలనీలో తక్కువ. దీనికి జవాబు చరిత్రలోనే ఉన్నదని నా అభిప్రాయం. కాపలా కాయడం ఒక పని, కబురు పంపడం మరొక పని. మన పెద్దలు ఈ రెండింటినీ ఏనాడూ కలపలేదు. కెమెరాలు వచ్చాక మనం కలిపేశాము. ఖర్చంతా అక్కడే పుడుతున్నది. దీనినే క్రమంగా మనవి చేస్తాను.

తలారి, గార్డు, గూర్ఖా

మన తరం వారికి తలారి తెలుసు. గ్రామ మునసబు క్రింద తలారి, వెట్టి అని గ్రామ సేవకులు ఉండేవారు. తలారి రాత్రిపూట కర్ర పట్టుకుని ఊరు తిరిగేవాడు. కళ్ళాల మీద, దొడ్ల మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. వంద సంగతులు చూసేవాడు. వాటిలో రెండో మూడో మునసబు చెవిన వేసేవాడు. మునసబు వాటిలో నుంచి ఏ ఒక్కటో పోలీసు స్టేషనుకు కాగితం మీద పెట్టేవాడు. చూసినదంతా స్టేషనుకు చేరవేయాలని ఎవరూ అనుకోలేదు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు కావడంతో ఆ ఏర్పాటు మారిపోయింది.

తాలూకా ఆఫీసు ఆవరణలోనే సబ్ ట్రెజరీ ఉండేది. దానికి పోలీసు గార్డు. గార్డు గంట గంటకూ గంట కొట్టేవాడు. ఊరంతటికీ అదే గడియారం. టైము తెలియడం ఒక ప్రయోజనమైతే, గార్డు మెలకువగా ఉన్నాడని తెలియడం రెండవ ప్రయోజనం. నాలుగు దెబ్బల శబ్దంతో "ఖజానా క్షేమం" అనే కబురు తహశీల్దారుగారి పడకగదికి చేరేది. పట్టణాలలో గూర్ఖా ఈల, కర్ర చప్పుడు కూడా ఇటువంటివే. నెల మొదటి వారంలో వచ్చి సలాము చేసి ఇంటికింత అని తీసుకునేవాడు. అతడు రాత్రంతా ఏమేమి చూశాడో మనం అడగలేదు. ఈల వినబడితే నిశ్చింతగా నిద్రపోయాము.

మాటకింత అని లెక్క

ఇక కబురు సంగతి. మన దేశంలో తంతి మొదట 1850లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య ప్రయోగాత్మకంగా మొదలైంది. 2013 జూలైలో ముగిసిపోయింది. నూట అరవై ఏళ్ళకు పైగా ఈ దేశం మాటలను లెక్కపెట్టి పంపింది. చిరునామాలోని మాటలకు కూడా డబ్బు కట్టాలి. అందుకని ఆఫీసులు, పెద్ద వ్యాపార సంస్థలు ఒకే మాటతో తంతి చిరునామా రిజిస్టరు చేయించుకునేవి. పెళ్ళిళ్ళకు, పండుగలకు శుభాకాంక్షల వాక్యాలను పోస్టాఫీసులో పట్టికగా వేసి నెంబర్లు ఇచ్చారు. మనం నెంబరు వ్రాస్తే చాలు, అవతలి ఊరిలో పూర్తి వాక్యం అందేది. తీగ మీద నడిచింది నెంబరు ఒక్కటే.

డిస్పాచ్ గుమాస్తాకు సర్వీసు స్టాంపుల ఖాతా అని మరొక తలనొప్పి ఉండేది. ఇన్ని రూపాయల స్టాంపులని కేటాయింపు వచ్చేది. ఏ రోజు ఎన్ని వాడామో, ఎన్ని మిగిలాయో రిజిస్టరులో సాయంత్రానికి సరిచూడాలి. మూడు నెలల స్టాంపులు రెండు నెలలకే అయిపోతే సంజాయిషీ. అందువల్ల ఒకే ఆఫీసుకు పోవలసిన కాగితాలు నాలుగైదు పోగుచేసి ఒకే కవరులో పెట్టి పంపేవాళ్ళం. అత్యవసరమైతే తంతి ఇచ్చేవాళ్ళం. అది కూడా పది పన్నెండు మాటలలో. వెనుకనే వివరమైన ప్రతి పోస్టులో వెళ్ళేది. అసలు ఫైలు మాత్రం ఆఫీసు బీరువా దాటి కదిలేది కాదు. ఈ మూడు మాటలు పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను: ఫైలు బీరువాలో, కబురు తంతిలో, వివరం తరువాత పోస్టులో.

టెలిఫోను కూడా అంతే. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఎస్.టి.డి. మొదలైంది. దూరాన్ని బట్టి, వేళను బట్టి చార్జీ. బాగా ప్రొద్దుపోయాక చార్జీ పావు వంతుకు తగ్గుతుందని 1990లలో రాత్రిపూట పి.సి.ఓ.ల ముందు వరుసలు కట్టి నిలబడినవాళ్ళం మనమే. ఎర్ర అంకెల మీటరు వంక చూస్తూ మాట్లాడడం మనకు బాగా అలవాటు.

కెమెరా పుట్టుక

ఇప్పుడు కెమెరా చరిత్రకు వస్తాను. దూరంగా ఉన్న దానిని తీగ ద్వారా చూసే ఏర్పాటు 1942లో జర్మనీలో, పీనెముండే అనే చోట జరిగింది. అక్కడ వి-2 రాకెట్లు పరీక్షించేవారు. పేలితే ప్రాణాపాయం. కనుక వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు కెమెరాలు అమర్చి, క్షేమమైన చోట కూర్చుని చూసే వీలు కల్పించాడు. ఈయనే తరువాత పాల్ అనే రంగుల టెలివిజన్ పద్ధతిని రూపొందించాడు. 1982లో మన దూరదర్శన్‌కు రంగులు వచ్చింది ఆ పద్ధతిలోనే.

ఇంటికి కెమెరా తెచ్చినది మాత్రం ఒక గృహిణి, ఒక నర్సు. న్యూయార్కు నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే ఆమె ఉండేది. ఆమెకూ, భర్తకూ ఉద్యోగ వేళలు వేరు. భర్త ఎలక్ట్రానిక్స్ పనివాడు. రాత్రివేళ ఒంటరిగా ఉండవలసి వచ్చేది. ఆ పేటలో పోలీసులు పిలిచిన వెంటనే వచ్చేవారు కారు. అందుచేత దంపతులిద్దరూ కలిసి ఒక ఉపకరణం తయారుచేసి 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబరు 2న మంజూరైంది. తలుపుకు వేరువేరు ఎత్తులలో నాలుగు కంతలు, వాటి వెనుక పైకీ క్రిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ తెర, వచ్చినవారితో మాట్లాడడానికి మైకు, కూర్చున్న చోటనుంచే తలుపు గడియ తీసే మీట. వీటితోపాటు ఆపద కలిగితే బయటికి సంకేతం పంపే మీట ఒకటి.

ఈ ఏర్పాటును జాగ్రత్తగా గమనించండి. బొమ్మ అంతా ఇంట్లోనే తిరుగుతున్నది. ఆపద వస్తే సంకేతం ఒక్కటే బయటికి వెళుతున్నది. మన తలారి పద్ధతే.

తరువాత బ్యాంకులకు, దుకాణాలకు వీడియో క్యాసెట్లతో నడిచే కెమెరాలు వచ్చాయి. మామూలుగా రెండు మూడు గంటలకు అయిపోయే క్యాసెట్టు మీద ఇరవైనాలుగు గంటలు, అంతకన్నా ఎక్కువ సేపు కూడా రికార్డు చేసే యంత్రాలు తయారుచేశారు. కిటుకు ఏమంటే, బొమ్మ బొమ్మకూ మధ్య ఎడం పెంచడమే. అక్కడా పొదుపే.

నెట్‌లోకి వచ్చిన కాఫీ కుండ

1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటరు లాబొరేటరీలో ఒక చిన్న ముచ్చట జరిగింది. అందరికీ కలిపి ఒకే కాఫీ కుండ. దూరపు గదులలో పనిచేసేవారు లేచి వచ్చేసరికి కుండ ఖాళీ. దానితో వారు కుండకు ఎదురుగా కెమెరా పెట్టి, బొమ్మను తమ కంప్యూటర్లలో చూసుకునే ఏర్పాటు చేసుకున్నారు. 1993లో దానిని ప్రపంచమంతా చూడగలిగేలా నెట్‌కు కలిపారు. 2001 ఆగస్టు వరకూ అది నడిచింది. నెట్‌లో కెమెరా అనేదానికి అదే ఆద్యం.

ఆ బొమ్మ అడ్డానికి 128, నిలువుకు 128 చుక్కలు మాత్రమే. రంగులు లేవు. నిమిషానికి మూడు సార్లు మారేది. కాఫీ కుండ నిండిందో లేదో తెలుసుకోవడానికి అంతకు మించి ఏమి కావాలి? 1996లో స్వీడన్ దేశపు యాక్సిస్ కంపెనీ నేరుగా నెట్‌కు తగిలించే కెమెరాను మొదటిసారిగా అమ్మకానికి పెట్టింది. దానిలో పెద్ద బొమ్మ ఒక్కటి రావడానికి పదిహేడు సెకన్లు పట్టేది. అప్పటి తీగల శక్తి అంతే. ఉన్న శక్తికి తగినట్లు పని చెప్పడం ఆనాటివారికి తెలుసు.

బొమ్మలను కుదించే విద్య తరువాత పెరిగింది. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 అనే ప్రమాణాలు వచ్చాయి. ఇవి పనిచేసే తీరు గుమాస్తాలకు సులభంగా బోధపడుతుంది. రిజిస్టరులో పై గడిలో ఉన్నదే క్రింది గడిలోనూ ఉంటే మనం తిరిగి వ్రాయము, "డిటో" గుర్తు పెడతాము. ఇవి కూడా ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతి బొమ్మలలో మారిన భాగాన్ని మాత్రం వ్రాస్తాయి. మిగతాది డిటో. ఖాళీ వరండాకు తక్కువ ఖర్చు. గాలికి ఊగే కొబ్బరి మట్టకు ఎక్కువ ఖర్చు.

మన దేశంలో నెట్ కొలతలు

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. అప్పట్లో గంటల లెక్క. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నది. మరుసటి సంవత్సరం బి.ఎస్.ఎన్.ఎల్. కనెక్షన్లు ఇళ్ళకు వచ్చాయి. గంటల లెక్క పోయి ఎం.బి.ల లెక్క వచ్చింది. నెలకు 400 ఎం.బి. ఇచ్చే ప్లాన్లు ఉండేవి. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 వరకూ లెక్క ఉండేది కాదు. పిల్లలు అలారం పెట్టుకుని లేచేవారు. ఎస్.టి.డి. పావు చార్జీకి మనం మేల్కొన్నట్లే.

2016 సెప్టెంబరు 5న జియో 4జీ వచ్చిన తరువాత కొలత మళ్ళీ మారింది. రోజుకింత అని కోటా. 1.5 జీబీ, 2 జీబీ. కోటా అయిపోతే వేగం చాలా ప్లాన్లలో 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఫైబరు తీగ ఉన్న ఇళ్ళకు నెలకు వేల జీబీల పరిమితి కనుక ఇబ్బంది తక్కువ. కాని ఊరి చివర వెంచర్లలో ఇల్లు కట్టుకున్నవారికి, స్వగ్రామంలో ఇంటికి తాళం వేసి వచ్చినవారికి, తోటలో షెడ్డు ఉన్నవారికి ఇప్పటికీ సిమ్ కార్డే గతి.

ఈలోగా కెమెరాలు ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం చేశారు. ఒకేసారి వందమంది, లేదా రోజుకు అయిదువందల మంది వచ్చే స్థలాలలో కెమెరాలు పెట్టాలని, రికార్డు ముప్పై రోజులు భద్రపరచాలని అందులో ఉంది. హైదరాబాదులో "నేను సైతం" పేరిట పోలీసులు కాలనీవాసులచేత కెమెరాలు పెట్టించారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017 ప్రాంతంలో ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే పద్ధతి తెచ్చారు. ఇంటికి తాళం వేసి ఊరు వెళ్ళేవారు ఫోను యాప్ ద్వారా తెలియజేస్తే, పోలీసులు వచ్చి ఒక కెమెరా అమర్చి వెళతారు. ఇంట్లో కదలిక ఉంటేనే అది కంట్రోలు రూముకు హెచ్చరిక పంపుతుంది. ఖాళీ ఇంటిని గంటల తరబడి చూస్తూ కూర్చునే తీరిక ఏ పోలీసుకూ లేదు గదా!

పెన్సిలుతో ఒక లెక్క

కెమెరా కంపెనీవారి భాషలో సెకనుకు ఒక మెగాబిట్ బొమ్మ అంటే చాలా మామూలు బొమ్మ. దానిని ఆపకుండా బయటికి పంపితే రోజుకు 10.8 జీబీ. ముప్పై రోజులకు 324 జీబీ. రెండు మెగాబిట్లయితే 648 జీబీ. నాలుగు కెమెరాలయితే నాలుగింతలు. మనం చూసినదే ఖర్చు అని చాలామంది అనుకుంటారు. మన ఇంటి నుంచి బయటికి పంపినది కూడా కోటాలోనే తగ్గుతుంది.

2005 నాటి 400 ఎం.బి. నెల కోటాతో అయితే ఈ కెమెరా 53 నిమిషాలు నడిచేది. ఇప్పటి 1.5 జీబీ రోజు కోటాతో సరిగ్గా 200 నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు.

ఈ రెండవ అంకె నేను మా కాలనీలో ఒక ఇంటి కోసం కట్టినది. ఆయన రిటైర్డు ప్రధానోపాధ్యాయులు, వినికిడి తక్కువ. ఆమె నాకు అక్క వరుస కాకపోయినా నేను అక్కయ్యగారూ అనే పిలుస్తాను. కొడుకు అమెరికాలో ఉన్నాడు. మా వైపు ఫైబరు ఇంకా రాలేదు. వరండాకు, గేటుకు కలిపి ఒక సిమ్ కెమెరా పెట్టించాడు. అమర్చిన కుర్రవాడు బొమ్మ అంతా ఎడతెగకుండా కంపెనీ వారి సర్వరుకు వెళ్ళేలా పెట్టి వెళ్ళాడు. కోటా అర్ధరాత్రి పన్నెండుకు కొత్తగా మొదలవుతుంది. మూడూ ఇరవైకి అయిపోతుంది. అక్కడినుంచి మరుసటి అర్ధరాత్రి దాకా కెమెరా మూగది. దొంగకు అనువైన తెల్లవారుజాము, వృద్ధులు లేచి తిరిగే వేళ, పగలంతా, అన్నీ ఆ చీకటిలోనే పోయేవి. కొడుకు ఫోనులో కెమెరా పలకడం లేదని కనిపించగానే కంగారుపడి ఫోను చేసేవాడు. వీరి ఫోన్లకు కూడా ఆ రూటరే ఆధారం. నవంబరులో ముఖం చూపించి జీవన ప్రమాణ పత్రం పంపుదామంటే పగటిపూట నెట్ లేదు. పెన్షనుకు ఆధారమైన కాగితం కెమెరా తిన్న కోటా వల్ల ఆగిపోయింది.

నేను ఆ లెక్క కాగితం మీద వేసి వాళ్ళ అబ్బాయికి పంపాను. అతడు అక్కడినుంచే అమరికలు మార్చాడు. కెమెరాలో 128 జీబీ కార్డు వేయించాము. రికార్డు అంతా దానిలోనే. ఒక మెగాబిట్ చొప్పున దాదాపు పదకొండు రోజుల రికార్డు నిలుస్తుంది. తరువాత పాతది చెరిగి కొత్తది పడుతుంది. మనిషి కదిలితేనే ఒక ఫొటో, పదిహేను సెకన్ల తునక బయటికి వెళతాయి. రోజుకు నలభై సార్లు కదలిక అనుకున్నా 75 ఎం.బి. కొడుకు రోజుకు పది నిమిషాలు చిన్న బొమ్మ మీద ప్రత్యక్షంగా చూస్తే మరో 38 ఎం.బి. మొత్తం 113. కోటాలో పదమూడో వంతు.

ధనుర్మాసంలో అక్కయ్యగారు తెల్లవారుజామున నాలుగున్నరకే ముగ్గు వేయడానికి గేటు దగ్గరకు వస్తారు. అప్పుడు అమెరికాలో సాయంత్రం. రోజూ ఆ వేళకు కొడుకు ఫోనుకు ఒక ఫొటో. అమ్మ ముగ్గు గిన్నెతో వంగి ఉంటుంది. "మావాడు రోజూ నా ముగ్గు చూస్తాడు తమ్ముడూ" అని ఆమె మురిసిపోయేది. ఒకరోజు వచ్చిన ఫొటోలో ఆమె నేలమీద కూలబడి ఉంది. అతడు వెంటనే ప్రత్యక్ష చిత్రం తెరిచాడు. ఆమె చేయి పట్టుకుని కూర్చుని ఉంది, లేవలేకపోతున్నది. తండ్రికి ఫోను వినబడదు. నాకు చేశాడు. మంచులో కాలు జారి పడ్డారు, మణికట్టు ఎముక చిట్లింది. నేనూ, మా ఆవిడా వెళ్ళి లేవదీసి ఆసుపత్రికి తీసుకుపోయాము. ఆరు వారాలు కట్టు వేశారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

అప్పుడు టైము నాలుగూ నలభై. పాత అమరికలో మూడూ ఇరవైకే కోటా అయిపోయి ఉండేది. పొదుపు చేయడం వల్ల కాపలా తగ్గలేదు, పెరిగింది. మన సభ్యులు గ్రహించవలసిన ముఖ్య విషయం ఇది.

సభ్యులకు కొన్ని సూచనలు

మొదటిది, రికార్డు ఇంట్లోనే ఉంచండి. ఒక కెమెరా అయితే మెమరీ కార్డు, నాలుగు అయితే డీవీఆర్ పెట్టె. ఒక మెగాబిట్ చొప్పున నాలుగు కెమెరాలకు ముప్పై రోజులు నిలవాలంటే రెండు టీబీ హార్డు డిస్కు సరిపోతుంది. పెట్టె నుంచి తీగతో మీ టీవీలో ఎంతసేపు చూసినా నెట్ ఖర్చు ఒక్క పైసా కాదు. పెట్టెను దొంగ కంట పడకుండా బీరువాలో, గాలి తగిలేలా పెట్టండి.

రెండవది, రికార్డు ఇంట్లో ఉంది గదా అని కబురు పూర్తిగా మానకండి. దొంగ కెమెరానే పట్టుకుపోతే కార్డు కూడా పోతుంది. కదలిక ఫొటో ఒకటి బయటికి వెళ్ళి ఉంటే అది మిగులుతుంది. ఫైలు బీరువాలో, కబురు తంతిలో అన్నమాట ఇక్కడ వర్తిస్తుంది.

మూడవది, కదలికను కనిపెట్టే హద్దులు గీయించండి. రోడ్డు, కొబ్బరి చెట్టు, తీగ మీది బట్టలు హద్దు బయట ఉండాలి. మనిషిని గుర్తుపట్టే వీలున్న కెమెరా అయితే దానినే ఎంచుకోండి, కుక్కకూ పిల్లికీ కబుర్లు రావు. కెమెరా ముఖం మీద సాలెగూడు లేకుండా వారానికొకసారి తుడవండి. రాత్రివేళ దాని వెలుగుకు పురుగులు, సాలీళ్ళు చేరి ఉత్తుత్తి హెచ్చరికలు పుట్టిస్తాయి.

నాలుగవది, కెమెరాలో పెద్ద బొమ్మ, చిన్న బొమ్మ అని రెండు ధారలు ఉంటాయి. పెద్దది ఇంటి రికార్డుకు, చిన్నది ఫోనుకు పెట్టించండి. సెకనుకు పది, పదిహేను బొమ్మలు చాలు. హెచ్.265 ఉంటే దానిని వాడండి, ఖర్చు సుమారు సగమవుతుంది. పిల్లలకు కూడా చెప్పండి, ప్రత్యక్ష చిత్రం తెరిచి ఫోను పక్కన పడేసి మరచిపోవద్దని.

అయిదవది, కెమెరాలోని తేదీ, టైము సరిచూడండి. తేదీ తప్పిన రికార్డు పోలీసువారికి ఉపకరించడం కష్టం. కరెంటు పోయినా నడవడానికి రూటరుకు, కెమెరాకు చిన్న యూ.పి.ఎస్. పెట్టించండి.

ఆరవది, సర్వీసు స్టాంపుల ఖాతా లాగా ఒక నోటు పుస్తకం పెట్టండి. వారానికొకసారి ఫోను యాప్‌లో ఎంత డేటా అయినదో చూసి వ్రాయండి. ఒక్కసారిగా పెరిగితే అమరిక మారిందనో, మరెవరో చూస్తున్నారనో అర్థం.

ఈ చివరి మాటకు కారణం ఉంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కెమెరాలను, రికార్డు పెట్టెలను లక్షల సంఖ్యలో లోబరచుకున్నది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే దానికి దొరికిన దారి. ఆ సంవత్సరం అక్టోబరు 21న వాటిని ప్రయోగించి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేశారు. మన గుమ్మం ముందున్న కెమెరా పరాయివారి చేతిలో పనిముట్టు కాకూడదు. అమర్చిన రోజునే పాస్‌వర్డు మార్పించి, ఆ కాగితం పెన్షను పుస్తకంతోపాటు దాచుకోండి.

మరొక మనవి. కెమెరా చూపు మన గేటుకు, మన వరండాకు పరిమితం కావాలి. పొరుగువారి పెరటిలోకి, మన పడకగదిలోకి పోకూడదు. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. వృద్ధులమైనంత మాత్రాన మనకు ఆ హక్కు పోదు. పిల్లలు ఇంటి లోపల కూడా కెమెరా పెడతామంటే, ఎక్కడ పెట్టాలో, ఎవరు చూడాలో మీతో కూర్చుని మాట్లాడిన తరువాతనే పెట్టమనండి. ఆప్యాయతతో చేసే పనికి కూడా అనుమతి అడగడం మర్యాద.

కబురు అందినా కదిలి వచ్చే మనిషి లేకపోతే ఏ కెమెరా కూడా కాపాడలేదు. తలారి వెనుక ఊరు ఉండేది, గూర్ఖా ఈలకు లేచే వీధి ఉండేది. కనుక పిల్లల ఫోనులో మీ పక్కింటివారి నెంబరు, ఎదురింటివారి నెంబరు ఉన్నాయో లేదో చూడండి. ఒక తాళంచెవి నమ్మకమైన చోట ఇచ్చి ఉంచండి. దీనికి రీఛార్జి అక్కరలేదు.

లెక్క కట్టుకోవడం కష్టమనుకునే సభ్యులు తమ రీఛార్జి వివరము, కెమెరా మోడలు ఒక చీటీ మీద వ్రాసి నెలవారీ సమావేశానికి తీసుకురండి. సంఘం ఆఫీసులో నా దగ్గర కాగితం, పెన్సిలు ఉంటాయి. కలిసి లెక్కలు చూద్దాము.